నీటిదారి పట్టణములు

రాజమహేంద్రవరమునొద్ద రైలు గోదావరి వంతెన నెక్కగానే, కిటికీలోనుండి నాణెమొకటి నీటిలోనికి విసరి చేతులు జోడించు యాత్రికుడు, తాను నదిని మాత్రమే గాక నదీసీమను గూడ చూచితినని తలచుట కద్దు. నిజమునకు ఆ సీమ వంతెనకు దిగువను, ధవళేశ్వరము దాటిన పిదప గాని ప్రారంభము కాదు. నాసికమునకు సమీపమున త్ర్యంబకమునొద్ద జనించి, దాదాపు 1,465 కిలోమీటర్ల దూరము పయనించి, పాపికొండల ఇరుకునుండి వెలువడి వేగము తగ్గిన ఆ మహానది, ధవళేశ్వరము దిగువ గౌతమీ వసిష్ఠలుగ చీలి, వసిష్ఠనుండి మరల వైనతేయ వేరుపడి, మూడు పాయలతో సముద్రమును చేరులోపల, యుగయుగములుగా దింపుచు వచ్చిన ఒండ్రుమట్టియే ఈ పల్లపు నేల. పాయలు ఏడని పురాణము చెప్పును. ఏడుగురు ఋషుల పేర్లతో వానిని స్మరించుచు సప్తసాగర యాత్ర చేయువారు నేటికిని కలరు. నావ నడుపువానికి మాత్రము మూడే పాయలు.

ఇట్టి నేలపై ఊళ్ళు పుట్టుటకు కారణము వెదకనక్కరలేదు. కాని పంట ఎల్లయెడల ఇంచుమించు సమానముగ పండునట్టి మైదానమున ఒక ఊరు పట్టణమై పెరుగుటకును, దాని కామడ దూరముననున్న ఊరు పల్లెగనే నిలిచిపోవుటకును నేలసారము హేతువు కాజాలదు. సరకు చిన్నపడవనుండి పెద్దపడవకు, పెద్దపడవనుండి ఓడకు, ఓడనుండి బండికి మారెడి చోటనే సంత వెలయును, కాటా నిలుచును, షావుకారు మేడ కట్టును. గోదావరి పల్లపు సీమలోని పట్టణముల చరిత్ర యంతయు నీటిదారి చరిత్రయే. ఆ దారి మూడుమార్లు మారినది. మారిన ప్రతిసారియు కొన్ని పట్టణములు వెలసినవి, కొన్ని మాసినవి.

రాజమహేంద్రవరమును గూర్చి ఇచట విస్తరింపను. అది మైదానపు అంచున, మెరకనేలపై నిలిచిన రాజధాని. రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నదియు, 1881 డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగముగారు మొట్టమొదటి వితంతు వివాహమును జరిపించినదియు అచటనే యగుటచే ఆ నగరమునకు చరిత్రకారుల కొరత లేదు. లోపలి పట్టణములకే ఆ కొరత.

మైదానములో ప్రాచీనతమములైన జనస్థానములు దేవాలయముల చుట్టును పెరిగినవి. తారకాసురుని కంఠముననున్న లింగము అయిదు తునకలై పడిన చోట్లు పంచారామములని ప్రసిద్ధి. వానిలో అమరావతిని మినహాయింపగా, ద్రాక్షారామము, సామర్లకోటలోని కుమారారామము, భీమవరమున గునుపూడిలోని సోమారామము, పాలకొల్లులోని క్షీరారామము, ఈ నాలుగును గోదావరి సీమలోనివే. ద్రాక్షారామ, కుమారారామములను తూర్పు చాళుక్యుడైన మొదటి భీముడు క్రీ. శ. 9వ శతాబ్ది చివరనో 10వ శతాబ్ది మొదటనో కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. ద్రాక్షారామ భీమేశ్వరుని గుడి రెండంతస్తులది. లింగము యొక్క శిరోభాగమును చూడగోరువారు పై అంతస్తునకు మెట్లెక్కి పోవలెను. నాకు లింగముకన్న గోడలును స్తంభములును ఎక్కువ ఆసక్తిని కలిగించును. వానిపై వందలకొలది శాసనములు కలవు. అఖండదీపమునకై ఆవులను, గొఱ్ఱెలను, మాడలను సమర్పించినవారిలో చోళ చాళుక్య రాజబంధువులేగాక, మంత్రులు, సేనానులు, వర్తకులు, వారి భార్యలు గూడ కనబడుదురు. దీపమునకు నేయి, నేతికి పశువులు, పశువులకు కాపరి, కాపరికి బాధ్యత, ఇట్లొక ఊరి జీవనమంతయు ఆ రాళ్ళమీద లెక్కగా చెక్కబడియున్నది. శ్రీనాథుడు తన భీమేశ్వరపురాణమున ఈ క్షేత్రమును కీర్తించుటకు పూర్వమే ఇది సంపన్నమైన పట్టణమనుటకు ఆ లెక్కయే సాక్ష్యము.

పిమ్మట పట్టణములు సముద్రమువైపు మొగము త్రిప్పినవి. ఆ ఘట్టమును తలచుకొనుటకు వసిష్ఠ యొడ్డుననున్న నరసాపురమునకు పోవలెను. ఎగువ అడవులలో కొట్టిన టేకు మ్రాకులు వరదనీటిలో తెప్పలుగ దిగివచ్చుచుండగా, 17వ శతాబ్దమున నరసాపుర ప్రాంతపు వడ్రంగులు సముద్రయానమునకు తగిన ఓడలను కట్టుచుండిరి. ఇంగ్లీషువారు సైతము తమ ఓడల నిచట కట్టించుకొనిరి, మరమ్మతు చేయించుకొనిరి. ప్రక్కనేయున్న మాధవాయపాలెమున వారి వర్తకశాల యుండెడిది. అచటి సాలెలు నేసిన గుడ్డ ఐరోపాలో ‘మడపోలం’ అను పేరుతో అమ్ముడుపోయినది. ఊరు మాసిపోయినను ఆ పేరు గల వస్త్రము అచటి దుకాణములలో చిరకాలము నిలిచియుండెను. పాలకొల్లులో ఒలందావారు స్థావర మేర్పరచుకొనిరి. క్షీరారామ గోపురమును చూడవచ్చిన భక్తులలో ఆ ఊరిలోనే యున్న ఒలందావారి సమాధులను చూచిపోవువారు బహు స్వల్పులు.

గౌతమీ ముఖద్వారమునందును ఇట్టిదే సంరంభము. ఇంజరమున ఇంగ్లీషువారు 1708లో వర్తకశాలను స్థాపించిరి. దానికి దాపుననే పరాసులు 1723లో యానాములో దిగి, నాలుగేండ్లలో విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. ఇరుజాతుల వర్తకులకును కావలసినది ఒకటే, చుట్టుప్రక్కల పల్లెలలోని సాలెల మగ్గముపై నుండి దిగిన తెల్లగుడ్డయు, అద్దకపు గుడ్డయు. బయానా ఇచ్చి సాలెను కట్టుబాటు చేసికొనుటకు ఒకరినొకరు తోసికొనుచుండిరి. వారి యుద్ధములు గూడ ఈ పొలములలోనే జరిగినవి; 1758 డిసెంబరులో పిఠాపురము చెంతనున్న చందుర్తియొద్ద కర్నల్ ఫోర్డు చేతిలో పరాసులు ఓడిపోవుటతో ఉత్తర సర్కారుల భవితవ్యము నిర్ణయమైపోయినది. యానాము మాత్రము వారికి మిగిలినది. చుట్టును ఇంగ్లీషు చట్టము, నడుమ కొద్ది చదరపు మైళ్ళలో పరాసు చట్టము! ఈ చిత్రమైన స్థితివలన జరిగినదేమనగా, బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930లో అమలులోనికి రాగానే, చిన్నపిల్లలకు పెండ్లిచేయ దలచిన బ్రిటిషాంధ్రులు మేళతాళములతో యానాము పోయి ముహూర్తములు పెట్టుకొనిరి. వీరేశలింగముగారి ఊరికి ఇది అంత దూరము కాదని జ్ఞాపకముంచుకొనవలెను. 1954 జూనులో యానాము పరాసుల చేతినుండి విడివడినది. నేటికిని అది పుదుచ్చేరి పాలననుండి వేరుకాలేదు.

వీనియన్నిటిలో నా మనస్సును మిక్కిలిగ ఆకర్షించునది కోరంగి. గౌతమీ పాయ యొకటి అఖాతమున కలియుచోట, మడ అడవుల నడుమ వెలసిన ఈ రేవు, 18వ శతాబ్దమున తూర్పుతీరమందంతటను పేరుమోసిన ఓడల మరమ్మతు స్థలము. ఇచట పెద్ద ఓడలను లోనికి తీసికొని, అడుగుభాగమును బాగుచేయుటకు అనువైన గోదీ యుండెడిది. 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి, వరుసగా మూడు తరంగములు ఊరిని ముంచివేసినవి. ఊరు తేరుకొన్నది. 1839 నవంబరు 25వ తేదీని మరియొక ఉప్పెన వచ్చినది. ఈ రెండవదానిలో మూడు లక్షల మంది మరణించిరని కొన్ని పుస్తకములు వ్రాయుచున్నవి. ఆనాటి జనసంఖ్యను తలచి చూచినచో అంత లెక్క నమ్మదగినదిగ లేదు. ఏదియెట్లున్నను కోరంగిని చంపినది ఉప్పెన కాదని నా అభిప్రాయము. ఉప్పెనకు తట్టుకొన్న ఊరు ఒండ్రుకు తట్టుకొనలేకపోయినది. ఏ నది ఆ సీమకు సారమిచ్చినదో ఆ నదియే ప్రతి వరదకును ఇంత మట్టి తెచ్చి రేవును పూడ్చివేసినది. ఓడలు రానిరోజు వచ్చిన పిదప అచటి మనుష్యులు బయలుదేరి బర్మాలోని రంగము పోయిరి. అచటి ధాన్యపు మిల్లులలో, రేవులలో మూటలు మోసిన తెలుగువారినందరిని, ఏ జిల్లావారైనను సరియే, బర్మావారు ‘కోరంగీలు’ అనియే పిలిచిరి. 1942లో జపానువారి దండయాత్రకు బెదరి వారిలో వేలాదిమంది తిరిగివచ్చువరకు ఆ రాకపోకలు సాగినవి. ఇపుడు కోరంగిలో చూడదగినది మడ అడవియే. చెక్కబాటపై నడచుచు చెట్ల వేళ్ళను, పక్షులను చూచి పోవువారికి ఇది యొకప్పటి ఓడరేవని చెప్పువాడుండడు.

రేవులు ఇట్లు క్షీణించుచున్న కాలముననే మగ్గములును క్షీణించినవి. లాంకషైరు మిల్లుగుడ్డ దిగుటయు, 1833లో ఈస్టిండియా కంపెనీకి వర్తకాధికారము తొలగిపోవుటయు దాదాపు ఏకకాలమున సంభవించినవి. ఆ దినములలోనే కరవు. నందన సంవత్సరపు కరవును గూర్చి తెలుగు జిల్లాలలో తరతరములు చెప్పుకొనిరి. జీవనది ఒకటి కండ్లయెదుటనే సముద్రమునకు పోవుచుండగా దాని యొడ్డుననే జనులు మాడిరి. వరదలో నీరు ఎక్కువై పైరు మునుగును. వరద పోయిన పిదప నీరు లేక పైరు ఎండును. ఈ సీమను అన్నపూర్ణయని పొగడువారు, ఆ బిరుదము ఆనకట్ట తరువాత వచ్చినదని మరువరాదు.

ఆనకట్ట కథ అందరెరిగినదే గనుక ముఖ్యాంశములనే స్మరింతును. కావేరీతీరమున పూర్వచోళులు కట్టిన కల్లణను పరిశీలించి, గట్టి పునాది లేని ఇసుక నేలపై గూడ రాతికట్టడమును నిలుపవచ్చునని గ్రహించిన ఆర్థర్ కాటను, 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభించి 1852లో ముగించెను. నడుమనున్న లంకల నాశ్రయించి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ ఆ కట్టడము నది కడ్డముగ నిలిచినది. దొరగారి విగ్రహములు నేడు ఊరూరను కలవు, అది యుక్తమే. కాని ధవళేశ్వరపు కొండను బ్రద్దలుకొట్టిన వడ్డెర్ల పేర్లును, మన్ను మోసిన వేలాది కూలీల పేర్లును ఏ శిలపైనను లేవు. దొరకు కుడిభుజమై పనిచేసిన వీణెము వీరన్నగారిని ఎరిగినవారు సైతము కొద్దిమందియే. లంకల గన్నవరమునొద్ద వైనతేయ పాయపై 49 కమానులతో కట్టిన అక్విడెక్టు ఈ పనిలో మరియొక అద్భుతము: క్రింద నది, పైన కాలువ, ఒకదాని నీరు మరియొకదానికి అంటదు.

అయితే కాటను కాలువలను పొలములకొరకు మాత్రమే త్రవ్వలేదు. ఇది నేడు మనము మరచిన సంగతి. ఈ దేశమునకు ఇనుప దారులకన్న నీటిదారులే చవుకయనియు, శ్రేష్ఠమనియు ఆయన జీవితాంతము వాదించెను. పార్లమెంటు వారి విచారణ సంఘము నెదుటను గూడ ఆ మాటయే చెప్పెను. కాలువయొక్క వెడల్పును, లోతును, వాలును నిర్ణయించునపుడు పడవను గూడ దృష్టియందుంచుకొనెను. వాలు ఎక్కువైనచోట లాకు కట్టెను. అనగా రెండు జతల తలుపుల నడుమ పడవను నిలిపి, పైతలుపు తూములు తెరచినచో నీరు నిండి పడవ లేచును, క్రిందివి తెరచినచో నీరు జారి పడవ దిగును. తలుపులు తెరచునంతవరకు పడవలు బారులు తీరియుండును. బారులు తీరినచోట వంట పుట్టును, వంట పుట్టినచోట దుకాణము పుట్టును. లాకులే ఈ సీమలోని క్రొత్త పట్టణములకు పునాదిరాళ్ళు.

అట్లు తూర్పు డెల్టాలో మండపేట, రామచంద్రపురము, సామర్లకోటలును, పశ్చిమ డెల్టాలో తణుకు, పాలకొల్లు, భీమవరములును, మధ్య డెల్టాలో అమలాపురమును ఎదిగినవి. బొబ్బర్లంక, లొల్ల లాకులనుండి కోనసీమకు నీరు పంచబడును. పశ్చిమమున గోదావరి కాలువ ఏలూరు చేరి కృష్ణ కాలువతో కలియును. దానివలన తివాచీల నేతకు పేరుపడిన ఆ ప్రాచీన నగరము రెండు నదుల నడుమ పడవల కూడలి యయ్యెను. కాకినాడలో పడవ నెక్కినవాడు సామర్లకోట మీదుగ ధవళేశ్వరము చేరి, నదిని దాటి, ఏలూరు, బెజవాడలు గడచి, కొమ్మమూరు కాలువ పట్టి, పెదగంజామునొద్ద బకింగుహాము కాలువలో ప్రవేశించి, కాలు నేలమోపకయే చెన్నపట్టణము చేరగల కాలమొకటి యుండెను.

ఆ పడవలను గూర్చి రెండు మాటలు చెప్పనిచో ఆ పట్టణములు బోధపడవు. గాలి అనుకూలించినపుడు తెరచాప, అనుకూలింపనపుడు గెడ, అదియు చాలనపుడు గట్టుపై నడచుచు మనుష్యులు లాగెడి తాడు, ఇవియే వాని చోదకశక్తులు. గూటి పడవలో రాత్రి పరుండినవాడు మేల్కొనునప్పటికి ఏదో లాకునొద్ద ఆగియుండుట సామాన్యము. ఎగువకు ఉప్పు, ఎండుచేప, కొబ్బరి. దిగువకు ధాన్యము, కలప, లంకపొగాకు. పెండ్లివారు, నాటకములవారు, పరీక్షలకు పోవు విద్యార్థులు, తీర్థములకు పోవు ముత్తైదువలు, అందరును ఆ గూటిక్రిందనే. పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ కథకు రంగస్థలము ఇట్టి పడవయే. అంతర్వేది నరసింహుని దర్శింపబోవు యాత్రికులు గన్నవరము మీదుగ పోవుచుండిరి; వేళకాని వేళ వచ్చినవానికిని అన్నము లేదనక పెట్టిన డొక్కా సీతమ్మగారు అచటి ఇల్లాలే. 1909లో గతించిన ఆ తల్లి పేరునే వైనతేయ పాయపై 2000లో కట్టిన క్రొత్త అక్విడెక్టునకు పెట్టిరి. దొరల పేర్లును, దొరతనమువారి పేర్లును గల కట్టడముల నడుమ, అన్నము పెట్టిన చేతికి దక్కిన కట్టడమిది యొక్కటియే కావచ్చును.

వేసవిలో కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుటకును, లాకులను బాగుచేయుటకును ఆ విరామము. అపుడు పడవ లేదు, ప్రయాణము లేదు, ఊరి చెరువే గతి. కాలువలు వదలిన దినము ఊరికి పండుగ; సార్వా, దాళ్వా అను రెండు పంటల లెక్కయంతయు ఆ దినమునుబట్టియే నడచును.

ఈ నీటిదారుల ఫలమంతయు చివరకు కాకినాడ అనుభవించినది. ఒకవంక కోరంగి పూడిపోవుచుండగా, మరియొకవంక ఇసుకమేటయై ఏర్పడిన హోప్ ద్వీపము అలల నడ్డగించి కాకినాడ తీరమును ప్రశాంతమొనర్చెను. జగన్నాథపురమున ఒలందావారి వర్తకస్థానము 1825 వరకు నుండెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి, అచటి దూది ఇంగ్లండునకు రాకపోగా, మనదేశపు లోపలి జిల్లాల ప్రత్తి ఈ రేవునకు ప్రవహించెను. తీరము లోతుతక్కువది గనుక పెద్ద ఓడలు మైళ్ళ దూరమున ఆగెడివి. కాలువలో వచ్చిన సరకు నావలకెక్కి ఓడను చేరెడిది. ధనము వచ్చిన వెనుక విద్య వచ్చెను, రాజకీయమును వచ్చెను. 1923లో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతను అఖిలభారత కాంగ్రెసు మహాసభ ఈ పట్టణముననే జరిగినది.

మూడవ మార్పు ఇనుపదారితోడను, తారురోడ్డుతోడను వచ్చినది. 1900లో గోదావరిపై హేవలాకు వంతెన తెరువబడినప్పటినుండి దూరమును గూర్చిన తలంపే మారిపోయినది. రైలు ఆగిన నిడదవోలు, సామర్లకోటలు పెరిగినవి, ఆగని రేవులు తగ్గినవి. 20వ శతాబ్ది ఉత్తరార్ధమునకు లారీ పొలముగట్టు దాక వచ్చినది. పడవవాడు కూలికి పోయెను. లాకు తలుపులు తుప్పుపట్టినవి. ఇపుడు ఈ పట్టణములను దర్శింప నేగువారు రహదారిని పట్టి పోవుదురు గనుక వానిని పెరటి త్రోవను ప్రవేశించు అతిథులవలె చూచుచున్నారు: పాత ధాన్యపు మిల్లులును, గుడి మెట్లును, వర్తకుల అరుగులును అన్నియు కాలువవైపునకే తిరిగియున్నవి. ఊరు మాత్రము కాలువకు వీపు త్రిప్పి, తన మురుగునంతటిని అందులోనికి విడుచుచున్నది. శివారు భూములవారు త్రాగునది ఆ నీరే. పట్టణముల అభివృద్ధిని గూర్చి ఉపన్యసించు పెద్దలు ఈ యొక్క సంగతిని ఎట్లు మరచుచున్నారో నాకు బోధపడదు.

కనుక ఈ సీమను చూడబోవువారికి నా సలహా యేమనగా, కాలువలు నిండుగ పారు దినములలో పోయి, ప్రతి పట్టణమునందును మొదట లాకు ఎక్కడనో అడుగవలెను. తాపేశ్వరమున మడతకాజాయు, ఆత్రేయపురమున పూతరేకులును దారిలోనే దొరకును. కడియము పూలతోటలును దారిలోనివే.

చివరకు కోటిపల్లి చేరవలెను. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో రైలుమార్గము వేసిరి. యుద్ధకాలమున, 1940లో, పట్టాలు పెరికి తీసికొనిపోయిరి. 2004లో మరల వేసిరి. గౌతమికి ఆవలిదరినున్న కోనసీమకు రైలును దాటింపవలెనని నదిలో స్తంభములను లేపుచున్నారు. అమలాపురమునకు రైలుబండి ఇంకను రాలేదు. అంతవరకు కోటిపల్లినుండి ముక్తేశ్వరమునకు పంటు నడచును; మనుష్యునకు ఒక చీటి, వాహనమునకు వేరొక చీటి తీసికొని, కొబ్బరికాయల బుట్టల నడుమ నిలుచుండి దాటవలెను.